నర్సింగ్, మెడికల్, ఫార్మసీ, ఫిజియో విద్యార్థులకు కలిపి క్లాసులు: ఒకే హాల్లో కూర్చోబెడితే సరిపోతుందా?

నర్సింగ్_ట్యూటర్
అందరికీ నమస్కారం. మా దగ్గర ఈ ఏడాది నుంచి నాలుగు కోర్సుల విద్యార్థులకు కొన్ని క్లాసులు కలిపి పెట్టాలని పైనుంచి నిర్ణయం వచ్చింది. మొదటిది ఇన్ఫెక్షన్ కంట్రోల్ మీద జరిగింది. పెద్ద హాలు, మంచి వక్త, హాజరు కూడా బాగానే ఉంది. మెడికల్ స్టూడెంట్లు ముందు వరుసల్లో కూర్చున్నారు, మా నర్సింగ్ పిల్లలు వెనక, ఫార్మసీ వాళ్లు ఓ మూల. ఫిజియో వాళ్లు ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. అయిపోగానే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. పక్కవాళ్ల పేరు కూడా ఎవరూ అడగలేదు.

ఇక మీదట క్లాసుల రూపకల్పన నాకు అప్పగించారు. మొక్కుబడిగా జరపడం నాకు ఇష్టం లేదు. ఈ పిల్లలే రేపు ఒకే మంచం చుట్టూ నిలబడి నిర్ణయాలు తీసుకోవాలి. మీలో ఎవరైనా ఇలాంటివి నడిపి ఉంటే, ఏది పని చేసిందో కాస్త వివరంగా చెప్పండి.

వైద్య_విద్య_విభాగం
మేడమ్, మీరు చెప్పినది ఉమ్మడి ఉపన్యాసం. వృత్తుల మధ్య అభ్యాసం కిందికి అది రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకంలో నిర్వచనం స్పష్టంగా ఉంది: రెండు లేదా అంతకంటే ఎక్కువ వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలి. మీ హాల్లో చివరిది సగమే జరిగింది, మిగతా రెండూ అసలు జరగలేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కలిసి పనిచేయాలంటే కలిసి నేర్చుకోవాలని అదే సంస్థ 1988లోనే నివేదిక ఇచ్చింది. స్వీడన్‌లో లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయం 1986 నుంచే ఇలా బోధిస్తోంది. 1996లో అక్కడ ఏకంగా ఒక వార్డునే విద్యార్థుల బృందాలకు అప్పగించారు. సీనియర్ల పర్యవేక్షణలో నర్సింగ్, వైద్య, ఫిజియో విద్యార్థులు కలిసి నిజమైన రోగులను చూసుకుంటారు. మనం అంత దూరం వెళ్లలేకపోయినా ఎటువైపు వెళ్లాలో అది చూపిస్తుంది.

సిమ్యులేషన్_ల్యాబ్
నేను ఇలాంటి క్లాసులు నడుపుతుంటాను కాబట్టి కేసు తయారీ గురించి చెబుతాను. ఒక్కరే తేల్చేయగలిగిన కేసు ఇస్తే మీ శ్రమంతా వృథా. మెడికల్ స్టూడెంట్ జవాబు చెప్పేస్తాడు, మిగతా ముగ్గురూ తలూపుతారు. సమాచారాన్ని నాలుగు కాగితాల మీద పంచాలి. ఎవరి కాగితం వాళ్లకే ఉండాలి.

నేను తరచుగా వాడే కేసు ఇది. 68 ఏళ్ల పెద్దాయన, మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది, రేపు డిశ్చార్జ్.

మెడికల్ కాగితంలో: కుట్లు బాగున్నాయి, జ్వరం లేదు, హిమోగ్లోబిన్ కాస్త తగ్గినా ఆందోళన పడేంత కాదు, డిశ్చార్జ్ సమ్మరీ సిద్ధం.

ఫార్మసీ కాగితంలో: బీపీకి అమ్లోడిపిన్, హైడ్రోక్లోరోథయాజైడ్ ఎప్పటినుంచో వాడుతున్నాడు. క్యాథెటర్ తీశాక మూత్రం సరిగా రాకపోవడంతో నిన్న టామ్సులోసిన్ కొత్తగా మొదలైంది.

ఫిజియో కాగితంలో: వాకర్‌తో బాగా నడుస్తున్నాడు, కానీ మంచం మీద నుంచి లేచిన వెంటనే రెయిలింగ్ పట్టుకుని కాసేపు ఆగిపోతున్నాడు. అడిగితే "ఏం లేదు, నొప్పి" అంటున్నాడు.

నర్సింగ్ కాగితంలో: రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు కళ్లు తిరిగాయని చెప్పాడు. "డాక్టరుగారికి చెప్పకమ్మా, రేపు ఇంటికి పంపరు" అని బతిమాలాడు. పడుకున్నప్పుడు బీపీ 136/80.

నిలబడినప్పటి బీపీ ఏ కాగితంలోనూ ఉండదు. ఎవరికో ఒకరికి కొలవాలన్న ఆలోచన రావాలి. అడిగితే అప్పుడు ఇస్తాను: 104/62. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై అంకె 20 తగ్గినా లెక్కలోకి తీసుకోవాల్సిందే, ఇక్కడ 32 తగ్గింది. పాత బీపీ మందులకు తోడు, కొత్తగా మొదలైన టామ్సులోసిన్ కూడా లేచినప్పుడు బీపీ పడిపోయేలా చేయగలదు. ఈ స్థితిలో ఇంటికి పంపితే రాత్రిపూట లేచినప్పుడు కొత్త మోకాలితో కింద పడతాడు.

ఇక అసలు సంగతి. మెడికల్ స్టూడెంట్ ముందు నోరు తెరిచి "అన్నీ నార్మల్, పంపేయొచ్చు" అన్న గ్రూపుల్లో, ఆ మాట పడగానే నర్సింగ్ విద్యార్థిని తన కాగితాన్ని మెల్లగా మడిచేయడం నేను చూశాను. సమాధానంలో సగం ఆ మడతలోనే ఉంటుంది. "రాత్రి ఎలా గడిచింది?" అని ముందుగా ఆమెను అడిగిన గ్రూపు చాలా త్వరగా దారిలో పడుతుంది.

కేసు ఎంతసేపు నడిస్తే తర్వాత చర్చ కనీసం అంతసేపు ఉండాలి. అక్కడ నేను ముందు అడిగేది "మీ కాగితంలో ఉన్నది మీరు ఎప్పుడు బయటపెట్టారు? అంతవరకు ఎందుకు ఆగారు?" అని. తప్పొప్పులు తర్వాత చూసుకుంటాం.

క్లినికల్_ఫార్మసిస్ట్
కేసు చాలా బాగుంది. ఫార్మసీ విద్యార్థి దగ్గర మందుల జాబితా ఉంటుంది గానీ రోగి కళ్లు తిరిగాయన్నాడని తెలియకపోతే ఆ జాబితాకు అర్థం లేదు. మా పిల్లలు ప్రిస్క్రిప్షన్ చూస్తారు, రోగిని చూడరు. ఈ కొరత నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

ఒక అధ్యయనం గుర్తు చేస్తాను. 1999లో ప్రచురించారు, అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో చేశారు. ఐసీయూ రౌండ్లకు ఒక సీనియర్ ఫార్మసిస్ట్ కూడా వెళ్లడం మొదలుపెట్టాక, మందు రాయడంలో పొరపాట్ల వల్ల రోగులకు జరిగే నివారించదగ్గ హాని 66 శాతం తగ్గింది. ఆయన చేసిన 366 సూచనల్లో 362 డాక్టర్లు ఒప్పుకున్నారు. ఫార్మసిస్ట్ చదువు మారలేదు, డాక్టర్ల చదువూ మారలేదు. మందు రాసే క్షణంలో ఆయన పక్కన ఉన్నాడు, అంతే. రాసేశాక ఫోన్ చేసి "సర్, డోస్ ఒకసారి చూస్తారా" అంటే అది తప్పు పట్టినట్టు ఉంటుంది. రాస్తున్నప్పుడు చెబితే సాయం చేసినట్టు ఉంటుంది.

సర్జరీ_ప్రొఫెసర్
అభిప్రాయ భేదం చెప్పడానికి అనుమతిస్తారనుకుంటున్నాను. మెడికల్ సిలబస్ ఇప్పటికే మోయలేనంత ఉంది. మొదటి ఏడాది పిల్లలకు తమ వృత్తి అంటే ఏమిటో తెలియకముందే పక్క వృత్తితో కలిసి పనిచేయమంటే ఏం పంచుకుంటారు? నాలుగు టైమ్‌టేబుళ్లు కలపడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. పైగా దీనివల్ల రోగులకు మేలు జరిగిందని గట్టి ఆధారం ఉందా? విద్యార్థులు ఫీడ్‌బ్యాక్ ఫారంలో "బాగుంది" అని రాసినంత మాత్రాన ఒప్పుకోలేను.

వైద్య_విద్య_విభాగం
సర్, మీ ప్రశ్న న్యాయమైనదే. వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్షలో పకడ్బందీగా చేసిన అధ్యయనాలు 15 మాత్రమే దొరికాయి. వాటిలో 7 మంచి ఫలితం చూపాయి, 4 మిశ్రమంగా ఉన్నాయి, 4 ఏ ప్రభావమూ లేదన్నాయి. ఒకదానికొకటి చాలా భిన్నంగా ఉండడంతో, ఏ అంశం వల్ల మేలు జరిగిందో సమీక్షకులు తేల్చలేకపోయారు. కాబట్టి "రుజువైపోయింది" అని నేను అనను.

కానీ కలిసి పనిచేయకపోతే ఏమవుతుందో మాత్రం మనకు బాగా తెలుసు. సమాచారం చేతులు మారేచోట, షిఫ్టు మారేచోట, ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి పంపేచోట రోగులకు హాని జరుగుతూనే ఉంది. అందుకే ఎలా నేర్పాలో వెతకడం ఆపలేం. మొదటి ఏడాది గురించి మీరన్నదానితో సగం ఏకీభవిస్తాను. అప్పుడు పెద్ద కేసులు వద్దు. వార్డులో ఒక పూట నర్సు వెంట తిరిగి చూస్తే చాలు.

ఫైనల్_ఇయర్_నర్సింగ్
నేను విద్యార్థినిని, తప్పుగా మాట్లాడితే మన్నించండి. మాకు ఎస్‌బార్ పద్ధతి బాగా నేర్పిస్తారు. ముందు ఇప్పుడున్న పరిస్థితి చెప్పాలి, తర్వాత నేపథ్యం, నా అంచనా, చివరికి ఏం కావాలో అడగాలి. బట్టీ పట్టాం, రోల్ ప్లే చేశాం, మార్కులూ వచ్చాయి.

వార్డులో ఏమవుతుందంటే, "సర్, ఫలానా బెడ్ పేషెంట్ శ్వాస రేటు 28 ఉంది, పొద్దున 18 ఉండేది..." అని మొదలుపెట్టగానే "శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంత?" అని అడుగుతారు. "94 సర్" అంటే "అయితే ఓకే" అని ఫోన్ పెట్టేస్తారు. నా అంచనా చెప్పే వరకు మాట సాగదు. ఇంకోసారి ఫోన్ చేయాలంటే చేతులు వణుకుతాయి. మా సీనియర్ సిస్టర్లు "చేసినట్టు టైమ్‌తో సహా నోట్స్‌లో రాసిపెట్టుకో" అంటారు. అది నన్ను కాపాడుతుందేమో గానీ పేషెంట్‌ను కాపాడదు కదా మేడమ్. మాట్లాడడం మాకు నేర్పుతున్నారు. వినడం ఎవరికి నేర్పుతున్నారు?

ఐసీయూ_సిస్టర్
తల్లీ, నువ్వు తప్పేమీ మాట్లాడలేదు. శ్వాస రేటు 18 నుంచి 28కి పెరగడమంటే శాచురేషన్ బాగున్నా సరే వచ్చి చూడాల్సిందే. ఒంట్లో ఏదో తేడా చేస్తోందని ముందుగా చెప్పేవాటిలో అది ఒకటి. శాచురేషన్ చాలాసార్లు ఆఖరికి గానీ పడిపోదు. చాలా ఆసుపత్రుల్లో అత్యవసర బృందాన్ని పిలవడానికి ఉన్న కారణాల్లో "సిబ్బందికి ఆందోళనగా ఉంది" అన్నదీ ఒకటి. అంకెలన్నీ బాగున్నా సరే, నర్సుకు భయంగా ఉంటే పిలవొచ్చు.

వినడం గురించి అడిగావు కాబట్టి ఒక కేసు చెబుతాను, అందరూ చదవాలి. 2005 మార్చిలో ఇంగ్లండ్‌లో ఎలైన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ల ఆమె సైనస్ ఆపరేషన్‌కి వెళ్లింది. మత్తు ఇచ్చాక శ్వాసమార్గం నిలబడలేదు. ట్యూబ్ వేయడం కుదరలేదు, మాస్కుతోనూ గాలి సరిగా వెళ్లలేదు. అలాంటప్పుడు గొంతు దగ్గర నేరుగా దారి చేయాలన్నది అందరికీ తెలిసిన నియమం. గదిలో అనుభవజ్ఞులైన డాక్టర్లు ముగ్గురు ఉన్నారు. ఒక నర్సు ఆ దారి చేయడానికి కావాల్సిన ట్రకియాస్టమీ సెట్ తెచ్చి సిద్ధంగా ఉందని చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో నర్సు ఐసీయూ బెడ్ ఉందో లేదో కనుక్కుని వచ్చి చెబితే, డాక్టర్లు చూసిన చూపుకు తానే అతిగా కంగారు పడుతున్నానేమో అనుకుని ఆ బెడ్ వద్దని చెప్పేసింది. వాళ్లు ట్యూబ్ వేసే ప్రయత్నాల్లోనే మునిగిపోయారు. ఆమె 13 రోజుల తర్వాత చనిపోయింది.

ఆ నర్సులకు ఏం చేయాలో తెలుసు. చెప్పారు కూడా. ఎలైన్ భర్త మార్టిన్ బ్రోమిలీ పైలట్. ఇలాంటివి మళ్లీ జరగకూడదని 2007లో క్లినికల్ హ్యూమన్ ఫ్యాక్టర్స్ గ్రూప్ స్థాపించారు. డాక్టర్లను దోషులుగా నిలబెట్టాలని ఆయన పోరాడలేదు. ఒత్తిడిలో మనిషి చెవులు ఎలా మూసుకుపోతాయో అందరికీ తెలియాలని తిరిగారు.

అనస్థీషియా_రెసిడెంట్
సిస్టర్ చెప్పిన కేసు మా డిపార్ట్‌మెంట్‌లో తరచుగా చర్చిస్తాం. ఫైనల్ ఇయర్ అమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గరే నేను ఆగాలనుకుంటున్నాను.

విమానయానంలో 1977లో టెనరీఫ్ ప్రమాదం జరిగింది. రెండు పెద్ద విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలుపెట్టిన విమానంలో ఫ్లైట్ ఇంజనీర్ "ఆ విమానం ఇంకా రన్‌వే మీద నుంచి తప్పుకోలేదా?" అని అనుమానం వ్యక్తం చేశాడు. కెప్టెన్ తప్పుకుందనేసి ముందుకు వెళ్లాడు. తర్వాతి సంవత్సరాల్లో వచ్చిన కాక్‌పిట్ శిక్షణలో కిందివాళ్లకు మాట్లాడడం నేర్పారు, దాంతోపాటు కెప్టెన్‌కు అడగడం, ఆగి వినడం కూడా నేర్పారు. ఆ రెండో సగాన్ని మనం మెడికల్ స్టూడెంట్లకు నేర్పడం లేదు.

అమెరికాలో 2006లో వచ్చిన టీమ్‌స్టెప్స్ శిక్షణలో మూడు మెట్లు ఉన్నాయి. మొదట "నాకు ఆందోళనగా ఉంది" అనాలి. వినకపోతే "ఇది నాకు సరిగా అనిపించడం లేదు" అనాలి. అప్పటికీ వినకపోతే "ఇది రోగి భద్రతకు సంబంధించిన విషయం" అనాలి. నర్సింగ్ పిల్లలు వీటిని నేర్చుకుంటారు. వినేవాడికి వీటి అర్థం తెలియకపోతే ఏం లాభం? మూడో వాక్యం వినపడగానే చేతిలో పని ఆపాలని మెడికల్ స్టూడెంట్‌కు అలవాటు చేయించాలి.

మీ క్లాసులో ఇలా చేసి చూడండి మేడమ్. ఒక నర్సింగ్ విద్యార్థినీ, ఒక మెడికల్ స్టూడెంట్‌నూ వేర్వేరు గదుల్లో పెట్టి నిజంగానే ఫోన్ కాల్ చేయించండి. మార్కులు ఫోన్ ఎత్తినవాడికి ఇవ్వండి. మాట మధ్యలో తుంచకుండా విన్నాడా, విన్నదాన్ని తిరిగి చెప్పి సరిచూసుకున్నాడా, "మీకేం అనుమానంగా ఉంది సిస్టర్?" అని అడిగాడా, ఎప్పటికల్లా వస్తాడో చెప్పాడా. తర్వాత పాత్రలు మార్చండి. మెడికల్ స్టూడెంట్ నర్సుగా ఫోన్ చేయాలి, అవతల నుంచి "అయితే ఓకే" అని పెట్టేయాలి. ఆ ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో ఒకసారి తెలిస్తే మర్చిపోరు.

ఫిజియో_క్లినిక్
మా పిల్లల సంగతీ ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఉమ్మడి క్లాసుల్లో వాళ్లను ఎక్స్‌ట్రాల్లా చూస్తారు. కేసు రాసేవాళ్లు డాక్టర్, నర్సు కథ రాసి చివర్లో "ఫిజియో అభిప్రాయం కూడా తీసుకోండి" అని ఒక వాక్యం అతికిస్తారు. పైన ఉన్న కేసులో రెయిలింగ్ పట్టుకుని ఆగిపోవడాన్ని ఫిజియో కాగితంలో పెట్టడం నాకు చాలా నచ్చింది. అది లేకపోతే మిగతావి అతకవు.

నర్సింగ్_ట్యూటర్
ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. అమ్మా ఫైనల్ ఇయర్, నీ ప్రశ్నతో నా ఆలోచనే మారింది. కేసుతో పాటు ఫోన్ కాల్ అభ్యాసం కూడా పెడతాను, మార్కులు వినేవాళ్లకే.

రెండు సందేహాలు. చర్చను ఎవరు నడపాలి? నేనొక్కదాన్నే నడిపితే మెడికల్ స్టూడెంట్లు అది నర్సింగ్ క్లాసు అనుకుంటారు. రెండోది, గ్రూపుకు కలిపి ఒకే మార్కు ఇవ్వాలా?

సిమ్యులేషన్_ల్యాబ్
ఇద్దరు నడపాలి, ఒకరు నర్సింగ్ నుంచి, ఒకరు వైద్యం నుంచి. ఆ ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడకుండా ఉండాలి. పిల్లలు మన స్లైడ్లు మర్చిపోతారు గానీ మనం ఒకరినొకరు ఎలా పలకరించుకున్నామో గుర్తు పెట్టుకుంటారు.

మార్కుల విషయంలో, రోగికి సంబంధించిన నిర్ణయానికి గ్రూపు మార్కు, వినడానికీ చెప్పడానికీ విడివిడిగా ఇస్తాను. అంతా గ్రూపు మార్కే అయితే గట్టిగా మాట్లాడేవాడి వెనక మిగతావాళ్లు దాక్కుంటారు.

సర్జరీ_ప్రొఫెసర్
మొదటి ఏడాది విషయంలో నా అభిప్రాయం మారలేదు. టైమ్‌టేబుల్ కష్టమూ ఉంది. కానీ ఆ ఫోన్ సంగతి చదివాక మౌనంగా ఉండలేకపోతున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జికల్ చెక్‌లిస్ట్ గురించి అందరికీ తెలుసు. 2009లో 8 ఆసుపత్రుల ఫలితాలు వచ్చాయి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, ఆపరేషన్ తర్వాతి సమస్యలు 11 శాతం నుంచి 7కి తగ్గాయి. అందులో కోత పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, పాత్ర చెప్పుకోవాలన్న అంశం ఉంది. మొదట్లో అది నాకు అనవసరంగా తోచింది. పేరు చెప్పుకుని ఒకసారి గొంతు విప్పిన స్క్రబ్ నర్సు, తర్వాత కౌంట్‌లో (వాడిన గాజుగుడ్డలు, పరికరాల లెక్కలో) తేడా వచ్చినప్పుడు "సర్, ఆగండి" అనడానికి వెనకాడదు. ఇది నా థియేటర్‌లో కళ్లారా చూశాను. మీ హాల్లో ఎవరూ పక్కవాళ్ల పేరు అడగలేదన్నారు చూడండి మేడమ్, అక్కడి నుంచే మొదలుపెట్టండి. చర్చ నడపడానికి వైద్యం నుంచి మనిషి కావాలంటే, ఆన్‌లైన్‌లో అయినా సరే, నేను కూర్చుంటాను. మా ఇంటర్న్‌లను కూడా చేర్చండి. ఫోన్ ఎత్తేది వాళ్లే.

నర్సింగ్_ట్యూటర్
సర్, మీరు వస్తానంటే అంతకంటే ఏం కావాలి. ఇంటర్న్‌లు, ఫైనల్ ఇయర్ నర్సింగ్, ఫార్మసీ, ఫిజియో చివరి సంవత్సరం వాళ్లతోనే మొదలుపెడతాను. గ్రూపుకు నలుగురే. మొదటి ఏడాది వాళ్లకు వార్డులో నర్సు వెంట ఒక పూట, అంతవరకే.

ఫైనల్_ఇయర్_నర్సింగ్
మేడమ్, ఒక చిన్న మనవి. పాత్రలు మార్చేటప్పుడు మమ్మల్ని కూడా డాక్టర్ పాత్రలో పెట్టండి. ఒకేసారి మూడు వార్డుల నుంచి ఫోన్లు వస్తే వాళ్లకెలా ఉంటుందో మాకూ తెలియాలి.

అనస్థీషియా_రెసిడెంట్
ఈ మాట చాలా బాగుంది. ఫోన్ ఎత్తిన మనిషికి అదే సమయంలో ఇంకో రెండు పనులు అప్పజెప్పండి మేడమ్. తీరిగ్గా ఉన్నప్పుడు ఎవరైనా వింటారు. రాత్రి మూడు గంటలకు, ఇంకో పేషెంట్‌కి లైన్ వేస్తూ వినగలగాలి.

ఐసీయూ_సిస్టర్
మేడమ్, ఆ పెద్దాయన పాత్రకు ఎవరిని పెడుతున్నారు? కాగితం మీద రాసివ్వడంతో పాటు ఒక మనిషిని మంచం మీద పడుకోబెట్టండి. కళ్లు తిరిగిన సంగతి ఆయన అందరికీ చెప్పకూడదు. పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగినవాళ్లకే చెప్పాలి, చెప్పాక "డాక్టరుగారికి చెప్పకమ్మా" అని చేయి పట్టుకోవాలి. ఆ అమ్మాయి అప్పుడు ఆయనకు ఏం జవాబు చెబుతుందన్నది కూడా చర్చలో పెట్టండి. ఆయన మాట కాదని చెప్పాల్సిందే, కానీ ఎందుకు చెబుతున్నామో ముందు ఆయనకే చెప్పాలి. తేదీ ఖాయమయ్యాక ఇక్కడ రాయండి, నైట్ డ్యూటీ లేకపోతే నేనూ చేరతాను.